తైస్తో ఆటలో ముప్ఫై ఎనిమిది చలికాలాలు

చలికాలమంతా రోజూ సాయంత్రం నాలుగు కొట్టగానే ఎలో హార్బర్ లైబ్రరీలో ఫోను మోగుతుంది. అవతల రోడ్ల ఆఫీసు డేల్.

"సైమా గారూ, ఆటలో ఎంత కురిసింది?"

సైమా హర్యు కళ్ళజోడు సర్దుకుని, కిటికీ పక్క బల్ల మీదున్న పాత కంప్యూటర్ వంక చూస్తుంది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, వాటి వెనక ఆకుపచ్చ చుక్కలు మెల్లగా కిందికి రాలుతుంటాయి.

"ఏడంగుళాలు. గాలి కూడా ఉందండోయ్."

"చచ్చాం పో. లారీలకి ఇద్దర్ని తెల్లారేసరికి రమ్మంటాను," అని డేల్ పెట్టేస్తాడు.

మర్నాడు ఊళ్ళో సరిగ్గా ఏడంగుళాల మంచు కురుస్తుంది. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి ఒకరోజు మూడంటుంది, ఒకరోజు పన్నెండంటుంది, పాపం ఆమె తిప్పలు ఆమెవి. మా ఊరివాళ్ళు ఆమె కోటు బాగుందా లేదా అని చూస్తారంతే. బడికి సెలవివ్వాలన్నా, పెళ్ళి వాయిదా వెయ్యాలన్నా, గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని చేపలు పట్టాలన్నా లైబ్రరీకి ఫోన్ చెయ్యాల్సిందే.

ఆ ఆట రాసింది సైమా వాళ్ళన్న తైస్తో. ఇనప సామాన్ల కొట్లో వెనక గదిలో కూచుని రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. పొడుగ్గా, ఎముకల పోగులా ఉండేవాడు. ఎనభై ఆరులో, ఆకులు రాలే కాలంలో ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చి మూణ్ణెల్లు కొట్లో ఎవరితోనూ మాట్లాడకుండా ఈ ఆట తయారుచేశాడు. బొమ్మల్లేవు, తుపాకులు లేవు. అన్నీ మాటలే. సరస్సు ఒడ్డున చివరి ఇల్లు. ఇంటాయన కనిపించడంలేదు. పొయ్యి మీద కాఫీ ఇంకా వేడిగానే ఉంది. నువ్వు పోలీసువి. ఏం చెయ్యాలో నువ్వు టైపు చేస్తే, ఏం జరిగిందో ఆట చెబుతుంది. చివర ఎవరి మీద నేరం మోపుతావో చెప్పాలి.

ఫ్లాపీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన కాగితం మీద చేత్తో రాశాడు: "ఈ కేసు ఒక్కసారే తేలుతుంది. తేలిన తర్వాత డిస్కు తిరగదు." నలభై ఒకటి అమ్ముడుపోయాయి. అందులో పద్నాలుగు వాళ్ళమ్మే కొని చుట్టాలకి పంచింది.

మరుసటి ఫిబ్రవరిలో, పన్నెండో తారీకు గురువారం మధ్యాహ్నం, తుఫానులో తైస్తో మాయమయ్యాడు. పొయ్యి మీద కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఊరంతా కలిసి తొమ్మిది రోజులు వెతికారు. కర్రలతో మంచు గుచ్చి చూశారు, కుక్కల్ని తెచ్చారు. ఏప్రిల్లో మంచు కరిగాక మళ్ళీ వెతికారు. మనిషి దొరకలేదు, బూటు కూడా దొరకలేదు.

ఆ ఏడు నుంచే మిగతా డిస్కులన్నీ ఒక్కొక్కటీ పాడైపోయాయి. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ మాత్రం మిగిలింది, అందులో మంచు కురవడం మొదలైంది. ఇదేమిటని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో మంచు ఎక్కడ కురిసినా ఎందుకని అడగం, ఎంత అని అడుగుతాం.

చిక్కల్లా ఏమిటంటే, ఊళ్ళో మంచు ఏప్రిల్లో కరుగుతుంది గానీ ఆటలో కరగదు. తోసే లారీ లేదు, వేసవి లేదు. ఒకదాని మీద ఒకటి చలికాలాలు పేరుకుపోయాయి. ఇంట్లో ఆరు గదులూ తిరగొచ్చు. కాఫీ తాగొచ్చు. పెరటి తలుపు తీస్తే మాత్రం, "మంచు ఇంటి కప్పుని దాటి ఉంది. పోలేవు," అంటుంది. ఎంతమంది ప్రయత్నించారో! తవ్వు అన్నారు, తోడు అన్నారు, కరిగించు అన్నారు. "ఆ మాట నాకు తెలీదు," అంటుంది ఆట, మర్యాదగానే.

పాత ఆటలు సేకరించే పిచ్చివాళ్ళు కొందరు వంతెన కింది నుంచి కూడా వచ్చారు. మాది మిషిగన్‌లోనే పైభాగం, అయిదు మైళ్ళ వంతెన దాటితే కింది భాగం. అక్కడివాళ్ళని మేం వంతెన కింది భూతాలంటాం, ముఖం మీదే అంటాం, వాళ్ళు నవ్వుకుంటారు. ఆ భూతాలు పెద్ద పెద్ద మాటల జాబితాలు పట్టుకొచ్చి, రెండేసి రోజులు కూచుని, మాంసం, బంగాళాదుంపలు కూరిన మా పాస్టీలు తిని, వాటి మీద కెచప్ వేసుకోవాలా గ్రేవీ పోసుకోవాలా అని మాతో పోట్లాడి, ఓడిపోయి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయాక సైమా ముఖం కాస్త తేటపడేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు తెలుసు. కేసు తేలనంతవరకే కదా ఆ డిస్కు తిరిగేది. ఆ ఆకుపచ్చ మంచు తప్ప వాళ్ళన్నది ఇంకేం మిగిలింది ఆమెకి?

ఇక సూలో సంగతి చెప్పాలి.

సూలో, ఇంటిపేరు మాకెలా, ముప్ఫై అయిదేళ్ళు మంచు తోసే లారీ నడిపాడు. అతను లారీ తీస్తే ముందు తోసేది సైమా ఉండే వీధి, ఆ తర్వాతే ఆస్పత్రి రోడ్డు. దీని మీద రెండుసార్లు మెమో ఇచ్చారు. "ఆ వీధిలో ఎవరుంటారయ్యా, గవర్నరా?" అని పాత ఆఫీసరు ఎగిరాడు. సూలో తల గోక్కున్నాడు. మర్నాడు మళ్ళీ ఆ వీధే. ఊరంతా నవ్వేది, మొదట్లో. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది.

ఎందుకంటే సైమాకీ అతనికీ ఎనభై ఏడు జూన్‌లో పెళ్ళి జరగాల్సి ఉంది. ఆమెకి ఇరవై మూడు, అతనికి ఇరవై అయిదు. తైస్తో పోయిన తర్వాత, వెతకడం ఆపేసిన రోజున, సూలో వాళ్ళింటి గుమ్మం దాకా వచ్చి, టోపీ చేత్తో నలుపుతూ నించుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సైమా ఆ వేసవంతా ఎదురుచూసింది. ఇంకో ఏడాది చూసింది. తర్వాత బజారులో ఎదురుపడితే, "బాగున్నారా సూలో గారూ," అనడం మొదలుపెట్టింది. ఆ 'మీరు' అన్న మాట అతని గుండెలో ముల్లులా దిగేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ ముల్లుతోనే తిరిగాడు. లైబ్రరీ గడప తొక్కలేదు.

అతను ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఆ గురువారం మధ్యాహ్నం తుఫానులో అతను సరస్సు రోడ్డు మీద లారీ నడుపుతున్నాడు. ముందు అద్దంలోంచి చెయ్యంత దూరం కూడా కనపడటంలేదు. సైమా వాళ్ళింటి మలుపు దగ్గర, లారీ ముందు మంచు తోసే రెక్కకి ఏదో తగిలి ధబ్ మంది. ఆపలేదు. మంచు తోసేవాడు ఎప్పుడూ ఆపడు, ఎవరిదో ఉత్తరాల డబ్బా విరిగి ఉంటుంది, ఎండ కాశాక వెళ్ళి కొత్తది పాతిస్తారు, అది మామూలే. ఆ మలుపులో రెక్క తోసిన మంచంతా కొండచరియ మీంచి తిన్నగా సరస్సులో పడుతుంది. సాయంత్రానికి తైస్తో లేడని తెలిసింది. మర్నాడు సూలో ఆ రోడ్డు పొడుగునా నడిచి డబ్బాలు చూసుకున్నాడు. పదిహేడు డబ్బాలూ చక్కగా నిలబడి ఉన్నాయి.

డబ్బా కాకపోతే ఇంకేమిటి? మనిషే. అంతే, అతనికి ఖాయమైపోయింది. అన్నని చంపిన చేత్తో చెల్లెలికి ఉంగరం ఎలా తొడుగుతాడు? చెప్పడానికి నోరు రాలేదు, చెప్పకుండా కాపరం చెయ్యడానికి మనసు రాలేదు. అలా ఉండిపోయాడు. నన్నడిగితే రెండూ తప్పే. చెప్పేయాల్సింది.

ఈ మార్చిలో లైబ్రరీ మూసేస్తున్నారని కాగితం అంటించారు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి కరెంటు తీసేస్తారు. పుస్తకాలు పక్క ఊరికి పోతాయి. కంప్యూటర్‌ని మాత్రం కదపలేరు. ఒకసారి బల్ల తుడవడానికి జానెడు జరిపితే మూడు రోజులు తెర వెలగలేదు, ఊళ్ళో చుక్క మంచు పడలేదు, మంచు బళ్ళ పందేలు రద్దయి అందరూ సైమాని తిట్టారు.

సోమవారం పొద్దున్న సూలో లైబ్రరీ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. బూట్ల మంచు దులుపుకోవడానికే అయిదు నిమిషాలు పట్టింది.

సైమా బల్ల వెనక నించి చూసింది. చేతిలో ఉన్న స్టాంపు కింద పెట్టింది. "చెప్పండి సూలో గారూ. ఏం కావాలి?"

"ఆ ఆట ఆడొచ్చా?"

"ఎవరైనా ఆడొచ్చు. పేరు రాసి కూచోండి."

పేరు రాశాడు. కూచున్నాడు. అతని వేళ్ళు ఒక్కొక్కటీ పారకర్రంత లావు. ఒక్క వేలితో అక్షరం వెతుక్కుని వెతుక్కుని కొడుతున్నాడు. తవ్వు. తోడు. నెట్టు. మంచు తొలగించు. దయచేసి మంచు తొలగించు. "ఆ మాట నాకు తెలీదు." సోమవారమంతా ఇదే వరస. సాయంత్రం డేల్ ఫోన్ చేస్తే, "మూడంగుళాలు," అంది సైమా, "సూలో గారి తల అడ్డంగా ఉంది, ఒక అంగుళం అటూ ఇటూ కావచ్చు."

మంగళవారం పదింటికి సూలోకి విసుగొచ్చేసింది. "ఛీ, ఇదేం మంచురా బాబూ! కాస్త పాంక్ చేస్తే పోయేదానికి..." అని గొణిగాడు.

కురిసిన మెత్తటి మంచుని పార వెనకవైపుతో తపతపా తట్టి గట్టిపరిస్తే, దాన్ని మావాళ్ళు పాంక్ చెయ్యడం అంటారు. పెరట్లో ఆవిరిస్నానాల గది, సౌనాకి దారి పాంక్ చెయ్యకపోతే తువ్వాలు కట్టుకున్న మనిషి నడుం దాకా దిగబడతాడు. మూడేళ్ళ పిల్లకి కూడా తెలిసిన మాటే. వంతెన దాటితే మాత్రం ఎవరికీ తెలీదు.

"అదే కొట్టి చూడండి మరి," అంది సైమా బల్ల దగ్గర్నించి.

"ఏది?"

"ఆ మాటే. పాంక్."

సూలో వెనక్కి తిరిగి చూశాడు. "అదీ ఒక మాటేనా? మిసెస్ పెండర్‌గాస్ట్ ఒప్పుకోదు."

మిసెస్ పెండర్‌గాస్ట్ మాకందరికీ బళ్ళో భాష నేర్పింది. వంతెన కింది నుంచే వచ్చింది. ఎవడైనా వ్యాసంలో పాంక్ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, స్కేలుతో వేళ్ళ మీద ఒకటిచ్చేది. "ఇది మాట కాదు, మొరుగుడు," అనేది. అందుకే కంప్యూటర్ ముందు కూచుంటే మాకందరికీ బడి భాషే వచ్చేది. మనింట్లో మాట మెషీనుకి ఎలా తెలుస్తుందని ముప్ఫై ఎనిమిదేళ్ళూ ఒక్కడంటే ఒక్కడు కూడా దాన్ని కొట్టి చూడలేదు. రాసినవాడు మనవాడే కదా అన్న ఇంగితం ఎవరికీ లేకపోయింది.

"ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళయింది," అంది సైమా. "లేచి వచ్చి కొట్టదులెండి."

సూలో ఆ మాట కొట్టాడు. డిస్కు కిర్రుమంది. తెర మీద చుక్కలు ఒక క్షణం ఆగాయి.

"మంచు ఒక జానెడు దిగింది. ఇది 2025 మంచు."

సైమా లేచి నించుంది. అన్నా, ఇదా నువ్వు పెట్టిన తాళం అనుకుంది. ఆపమని అనాలనిపించింది. కానీ ఏమని ఆపుతుంది? ఎవరైనా ఆడొచ్చని తనే అంది. మళ్ళీ కూచుని, ఒకసారి కొట్టిన కార్డు మీదే రెండోసారి స్టాంపు కొట్టింది.

అక్కణ్ణించి సూలో వేలు ఆగలేదు. పాంక్. పాంక్. పాంక్. ఒక్కో చలికాలానికీ ముప్ఫైసార్లు, నలభైసార్లు. 2024 మంచు రెండు దెబ్బలకే పోయింది, ఆ ఏడు అసలు కురిసింది లేదు. 2014 దగ్గర గంటన్నర పట్టింది, ఆ ఏడు సరస్సు అవతలి ఒడ్డు దాకా గడ్డకట్టింది. ఊరివాళ్ళకి తెలిసి ఒకరొకరే వచ్చి వెనక నించున్నారు. ఎవరో పాస్టీ తెచ్చి పక్కన పెట్టారు. "సూలో, వేలు నొప్పెడితే చెప్పు, నే కొడతా," అన్నాడు డేల్. సూలో తలడ్డంగా ఊపాడు.

బుధవారం 2008 వచ్చింది. ఆ ఏడు సూలో వాళ్ళమ్మ పోయింది. సైమా అంత్యక్రియలకి వచ్చి, చివరి వరసలో కూచుని, మావాళ్ళు నిసు అనే తీపి రొట్టె ఒకటి వంటింట్లో పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయింది. ఎవరు తెచ్చారో అతనికి మొదటి ముక్కలోనే తెలిసింది. ఆమె ఏలకులు ఎప్పుడూ ఎక్కువే వేస్తుంది. ఆ రొట్టె వారం రోజులు దాచుకుని తిన్నాడు.

గురువారం 1996 వచ్చింది. ఆ చలికాలం ఇళ్ళ కిటికీల్లోంచి బయటికి దూకాల్సొచ్చింది. మధ్యాహ్నానికి 1991. ఆ ఏడు ఒక పళ్ళ డాక్టరు సైమాని చేసుకుంటానని ఆర్నెల్లు తిరిగాడు. మంచివాడే. ఆమె ఔనంటుందని ఊరంతా అనుకున్నారు. సూలో కూడా అనుకున్నాడు, ఆమె వీధిని ఇంకా శుభ్రంగా తోశాడు. ఆమె కాదంది.

"1991 మంచు," అని తెర మీద ఉన్నది సైమా కూడా చదివింది. సూలో మళ్ళీ పాంక్ అని కొట్టాడు.

శుక్రవారం లైబ్రరీలో సామానంతా పెట్టెల్లో సర్దేశారు. అరలు బోసిగా ఉన్నాయి. పక్క ఊరి బండి వచ్చి వెళ్ళింది, జనం దాంతోపాటే జారుకున్నారు. మూడింటికి సైమా, సూలో ఇద్దరే మిగిలారు. 1988 అయింది. సూలో చొక్కా వీపంతా చెమటతో తడిసింది. కింద ఏముందో తనకి తెలుసు. మలుపు దగ్గర, రోడ్డు పక్కన, రెక్క తగిలి పడిపోయిన మనిషి. చూడాలి. చూసి, ఆమె ముందే ఒప్పుకోవాలి. ఇవాళ కాకపోతే ఇక ఈ జన్మకి లేదు.

పాంక్.

"ఇది 1987 ఫిబ్రవరి మంచు. ఇక్కడ ముందే ఎవరో పాంక్ చేశారు."

సూలో ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. చుట్టూ చూడు అని కొట్టాడు.

"పెరటి తలుపు నుంచి గట్టి దారి ఉంది. పారతో చక్కగా తట్టిన దారి. రోడ్డు వైపు కాదు. సరస్సు వైపు పోతోంది."

దారి వెంట వెళ్ళు.

"సరస్సు. నీళ్ళ మీద గడ్డ. మంచులో పార గుచ్చి ఉంది. చేపల గుడిసె ఉండాల్సిన చోట పెద్ద కన్నం. నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఇక్కడితో దారి ఆగిపోయింది. నేరం ఎవరి మీద మోపుతావు?"

తుఫాను ముదిరేలోగా గుడిసె ఒడ్డుకి లాక్కొద్దామని వెళ్ళాడన్నమాట. గడ్డ విరిగి గుడిసెతో సహా మునిగిపోయాడు. అదీ జరిగింది. ఆ సంగతి అక్షరాలా కళ్ళెదుట ఉన్నా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇన్నేళ్ళూ నోట్లో నానిన పేరే సూలో వేలికి వచ్చింది.

సూలో మాకెలా.

"ఆధారం లేదు."

మళ్ళీ కొట్టాడు. సూలో మాకెలా.

"ఆధారం లేదు."

"ఉంది," అన్నాడు సూలో పైకే. "ఉంది. ధబ్ మంది. నేను విన్నాను." మూడోసారి కొట్టాడు.

"ఆధారం లేదు."

"ఏమిటిది?" అంది సైమా వెనకనించి. ఆమె ఎప్పుడొచ్చి నించుందో అతను చూడలేదు. చేతిలో ఖాళీ పెట్టె ఉంది. "నీ పేరెందుకు కొడుతున్నావు?"

నీ పేరు అంది. సూలో ఆ మాటకే కుంగిపోయాడు. బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆమె వంక చూడకుండా, లారీ సంగతి, మలుపు సంగతి, ధబ్ మన్న చప్పుడు, పదిహేడు ఉత్తరాల డబ్బాలు, అన్నీ చెప్పేశాడు. ఏడవలేదు. ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చెప్పాడు.

సైమా పెట్టె కింద పడేసింది.

"ఆ గురువారమా?"

"ఆ గురువారమే."

"గురువారం చెత్త తీసుకెళ్ళే రోజు. మా పక్కింటి హిల్మా పిన్ని రోడ్డు పక్కన పెట్టిన చెత్త డబ్బా పోయింది ఆ రోజు. ఇనప డబ్బా, కొత్తది. ఎవరో ఎత్తుకెళ్ళారని నెల్లాళ్ళు ఊరందరినీ తిట్టింది. చర్చిలో కూడా లేచి అడిగింది. నువ్వు వినలేదా?"

"నేను... ఆ నెల చర్చికి వెళ్ళలేదు."

"చెత్త డబ్బా, సూలో! చెత్త డబ్బా! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నన్నడిగితే చెప్పేదాన్ని కదరా! పొద్దున అడిగితే మధ్యాహ్నానికి తేలిపోయేది!"

"ఎలా అడగను? నిజమైతే?"

"నిజమైతే మాత్రం? ఏడ్చేదాన్ని. కొట్టేదాన్ని. తుఫానులో కళ్ళు కనపడక జరిగిందని ఎప్పటికో అర్థం చేసుకునేదాన్ని. అదంతా నువ్వే నా బదులు అనుకుని, నువ్వే తీర్పు చెప్పుకుని, నువ్వే వెళ్ళిపోయావు." కుర్చీ వీపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. "మా అన్న పోయాడు. అది సరస్సు చేసిన పని. నువ్వు పోయావు. అది ఎవరు చేసిన పని?"

సూలో తలొంచుకున్నాడు. అతని మెడ వెనక వెంట్రుకలు తెల్లబడిపోయి ఉండటం ఆమె అంత దగ్గర్నించి మొదటిసారి చూసింది.

"నాలో ఏం లోపం కనిపించిందా అనుకున్నాను," అంది చివరికి, నెమ్మదిగా. "ఎన్ని చలికాలాలు అద్దం ముందు నించుని అదే అనుకున్నానో నీకు తెలీదు. అన్న పోయిన దుఃఖం నీతో చెప్పుకుందామంటే నువ్వూ లేవు. ఏ దుఃఖం ఎవరిదో కలిసిపోయి, దేనికీ సరిగ్గా ఏడవలేదు నేను."

తెర మీద ప్రశ్న అలాగే ఉంది. నేరం ఎవరి మీద మోపుతావు? కింద చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. వెనక మంచు రాలుతూనే ఉంది, రేపటి మంచు, సన్నగా. గోడ గడియారంలో నాలుగూ ఇరవై. మామూలుగా అయితే డేల్ ఫోన్ చేసి ఉండేవాడు. ఫోను పొద్దున్నే తీసేశారు.

"లే," అంది సైమా.

"ఏం చేస్తావు?"

"లే అన్నానా!"

సూలో లేచాడు. ఆమె కూచుంది. కుర్చీ వెచ్చగా ఉంది. ఆ కంప్యూటర్‌ని రోజూ తుడిచింది, రోజూ చదివింది, ముప్ఫై ఎనిమిదేళ్ళలో దాని మీద ఒక్క అక్షరం కూడా ఆమె కొట్టలేదు.

"సైమా, ఆగు," అన్నాడు సూలో. "కేసు తేలితే ఆట పోతుంది. కాగితం మీద రాశాడు కదా. ఇంకా నలభై నిమిషాలుంది. ఇలాగే ఉంచుదాం. అయిదింటికి దానంతట అదే..."

"దానంతట అదే పోతే నీ పేరు మీద కేసు అలాగే ఉండిపోతుంది," అంది. "నువ్వు మళ్ళీ దాన్ని మోసుకుని తిరుగుతావు. నాకు తెలీదా నీ సంగతి? ఆధారం లేదంటే నమ్మే రకానివా నువ్వు? మూడుసార్లు చెప్పింది, విన్నావా?"

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. కొట్టింది. సరస్సు.

డిస్కు చాలాసేపు తిరిగింది. ఎక్కడో లోపల, ఎవరో చలికి పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. తర్వాత ఒక్కో అక్షరమే వచ్చింది.

"సరిగ్గా చెప్పావు. ఎవరి తప్పూ లేదు. కేసు ముగిసింది. బాగా ఆడావు, ఇక ఇంటికెళ్ళు. తైస్తో."

ఎనభై ఆరులోనే రాసిపెట్టుకున్న వాక్యం అయి ఉంటుంది. ఆట రాసినవాడు చివర ఏదో ఒకటి రాసుకుంటాడు కదా. సైమాకి మాత్రం అది అన్న గొంతుతోనే వినిపించింది, ఆ ముక్కులోంచి వచ్చే గొంతుతో. చుక్కలు పైనుంచి రావడం ఆగిపోయింది. రాలుతున్నవి మెల్లగా కిందికి దిగి, తెర అడుగున పేరుకుని, అక్కడే ఆరిపోయాయి. అక్షరాలు ఇంకో నిమిషం ఉన్నాయి. తర్వాత అవీ లేవు. డిస్కు ఆగింది. గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు, ఆ కిర్రుకిర్రు ఎన్నేళ్ళుగానో ఉండి ఉండి ఎవరికీ వినిపించడం మానేసింది.

ఆమె తెర మీద అరచెయ్యి పెట్టింది. కాస్త వెచ్చగా ఉంది. చల్లబడేదాకా అలాగే ఉంచింది.

సూలో గోడకి ఆనుకుని నించున్నాడు. నేను చంపలేదు అని లోపల అనుకుని చూశాడు. సంతోషం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు ఒకడు గుమ్మంలో టోపీ నలుపుతూ నించున్నట్టు కనిపించి, వాడి మీద చెప్పలేనంత జాలి పుట్టింది. ఒరే, లోపలికెళ్ళరా అని వాడితో చెప్పాలనిపించింది. ఎవరు చెబుతారు? వాడి దగ్గరికి దారి ఏది?

"సైమా," అన్నాడు. "నేను..."

"ఇవాళ ఏం చెప్పకు." ఆమె వెనక్కి తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి. "ఇవాళ మా అన్న పోయాడు. ఇవాళ ఒక్కరోజు నన్ను మా అన్నకే ఏడవనీ. నీ గురించి ఏడవడం, నిన్ను తిట్టడం రేపు పెట్టుకుంటాను. రేపు రా."

సూలో టోపీ తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఎన్నింటికి రాను?"

"అరవై మూడేళ్ళొచ్చాయి, ఇంకా టైం అడుగుతున్నావా?" అంది సైమా ఏడుస్తూనే. "తెల్లారగానే రా."